కెర్నెల్‌కు తెలియని పోగులు



మాస్టారి దగ్గర ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుకున్నవాళ్లు ఈ హాల్లో పాతికమందికి తక్కువ ఉండరు. వైవాలో ఆయన ప్రశ్న ఎలా ఉండేదో వాళ్లకి చెప్పక్కర్లేదు. మనం ఎంత గొప్పగా చెప్పుకొచ్చినా ఓపిగ్గా విని, కళ్లజోడు పైకి జరుపుకొని, "బాగానే ఉందోయ్. మరి ఇది కెర్నెల్‌కి తెలుసా?" అనేవారు. పిల్లల్ని తికమకపెట్టడానికి వేసే ప్రశ్న అనుకునేవాణ్ణి అప్పట్లో. ఉద్యోగంలో చేరాక ఒక రాత్రంతా నిద్ర మానుకుంటే గాని దాని లోతు తెలిసిరాలేదు. ఆ రాత్రి సంగతి కాసేపట్లో చెబుతాను. ఈ పూట నేను చేసేదల్లా ఆయన ప్రశ్నని ఒకే ఒక్క విషయం మీద పెట్టి చూడడం. ఇంటర్‌ప్రెటర్ తన కడుపులో తానే పుట్టించుకునే తేలిక థ్రెడ్లు, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే థ్రెడ్ల ముందు ఎక్కడ నిలబడలేకపోతాయి, ఎందుకు?

థ్రెడ్‌ని మాస్టారు పోగు అనేవారు. చీరాల వైపు మనిషి, మగ్గం చప్పుడు వింటూ పెరిగినవారు, ఆ మాట ఆయన నోట ఊరికే వచ్చేది. ఈ పాఠానికి మాత్రం మగ్గం వదిలేసి అవధానం పట్టుకునేవారు. ఆయనకి అవధానాల పిచ్చి. రెండు మూడు సభల్లో అప్రస్తుత ప్రసంగిగా కూర్చున్నారట కూడా. పద్యం రసకందాయంలో ఉండగా, పెసరట్టులో ఉప్మా పెట్టాలన్న ఆలోచన ముందు ఎవరికి వచ్చి ఉంటుందని అవధానిని అడిగానని మాకు గర్వంగా చెప్పుకొనేవారు.

అష్టావధానం చూసినవారికి తెలిసిందే. మధ్యలో ఒక్కరు, చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఇంకొకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడే నిషిద్ధాక్షరి. అవధాని ఒకరికి ఒక పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళతాడు, అక్కణ్నుంచి ఆ పక్కవారి దగ్గరికి. నాలుగు చుట్లు తిరిగేసరికి పద్యాలు పూర్తవుతాయి. చూసేవాళ్లకి ఎనిమిది పనులూ కలిసి నడుస్తున్నట్టే ఉంటుంది. ఏ క్షణాన ఆపి చూసినా నడుస్తున్నది మాత్రం ఒక్కటే. తక్కినవన్నీ ఎక్కడ ఆగాయో అక్కడే, అవధాని ధారణలో కూర్చుని ఉంటాయి.

"పృచ్ఛకులు ఎనిమిదిమంది. తల ఒక్కటే. ఆ తలకి తలనొప్పి వస్తే ఎన్ని పద్యాలు ఆగుతాయి?" అని అడిగేవారు మాస్టారు. నా ఉపన్యాసంలో సగం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఒక నిజమైన ఇంటర్‌ప్రెటర్ తీసుకుందాం. నేను ఎక్కువ కాలం కాపురం చేసింది రూబీ 1.8తో. యుకిహిరో మత్సుమోతో 1993లో మొదలుపెట్టి 1995లో లోకానికి ఇచ్చిన భాష. 1.8 వరకు అందులో థ్రెడ్లన్నీ ఇంటర్‌ప్రెటర్ సొంత సృష్టే. ప్రోగ్రాములో మీరు నలభై థ్రెడ్లు పుట్టించినా, కెర్నెల్ హాజరుపట్టీలో ఉండేది ఒక్క పేరు. పది మిల్లీసెకన్లకోసారి ఒక గడియారం గంట కొడుతుంది. ఇంటర్‌ప్రెటర్ తనకు వీలైన చోట ఆగి, గంట మోగిందా అని చూసుకుంటుంది. మోగితే, నడుస్తున్న థ్రెడ్ తాలూకు రిజిస్టర్లు దాచిపెట్టి, దాని స్టాక్‌ని మొత్తం మరో చోటికి కాపీ చేసి, రెండో థ్రెడ్ స్టాక్‌ని తెచ్చి అదే స్థలంలో పరుస్తుంది. ఒకే వేదిక మీద ఒక నాటకం సామాను తీసేసి ఇంకో నాటకం తెరలు కట్టినట్టు. ఇందులో ఎక్కడా కెర్నెల్ ప్రమేయం లేదు. దానికి కనిపించేది మొదటినుంచి చివరిదాకా ఒకే ప్రాసెస్, ఒకే పోగు.

ఇలాంటివాటిని లోకం గ్రీన్ థ్రెడ్లు అంటుంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో 1991లో జావాకి పునాది వేసిన బృందం పేరు గ్రీన్ టీమ్. వాళ్లు రాసుకున్న థ్రెడ్ లైబ్రరీకి ఆ రంగే అంటుకుంది. పర్యావరణంతో ఏ సంబంధమూ లేదు.

అసలు ఇంత ప్రయాస ఎందుకు, కెర్నెల్‌నే అడిగితే పోలేదా అంటే, ఆ రోజుల్లో కెర్నెల్‌ని అడగడం చాలా ఖరీదు. 1991లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి ఆండర్సన్, బెర్షాడ్, లాజోవ్‌స్కా, లెవీ అనే నలుగురు ఒక పత్రం ప్రచురించారు. మాస్టారు దాని జిరాక్సు కాపీ మా బ్యాచ్‌లో ఒక్కొక్కరికీ ఇచ్చి చదివించారు. అందులో ఒక పట్టిక ఉంది. ఏ పనీ చేయని ఒక థ్రెడ్‌ని పుట్టించి ముగించడానికి, ప్రోగ్రామ్ లోపలి లైబ్రరీకి పట్టింది 34 మైక్రోసెకన్లు. కెర్నెల్ థ్రెడ్‌కి 948. పూర్తి యూనిక్స్ ప్రాసెస్‌కి 11,300. ఇంటి పెరట్లో కరివేపాకు కోసుకోవడానికీ, బజారుకి వెళ్లి కొనుక్కురావడానికీ, పొరుగూరి సంతకి వెళ్లి రావడానికీ ఉన్న తేడా. ఈ అంకెలు చూసినవాడు ఎవడైనా పెరట్లో మొక్కే వేసుకుంటాడు.

జాగా సంగతి కూడా ఉంది. లినక్స్‌లో ఒక థ్రెడ్ స్టాక్‌కి మామూలుగా 8 మెగాబైట్ల చిరునామాలు కేటాయిస్తారు. 32 బిట్ల యంత్రంలో ప్రోగ్రాముకి దక్కేది దాదాపు 3 గిగాబైట్లు. భాగించి చూడండి, నాలుగు వందల థ్రెడ్లు కూడా పట్టవు. కేటాయించినంత మాత్రాన మెమరీ ఖర్చయిపోదు, ముట్టుకున్న పేజీలకే ఖర్చు, అది నిజమే. అయితే అప్పుడు తక్కువ పడింది మెమరీ కంటే ముందు చిరునామాలు. ఒక వెబ్ సర్వర్ పదివేలమందిని ఒకేసారి ఎలా మోయాలి అని డాన్ కెగెల్ 1999లో లేవనెత్తిన ప్రశ్నకి కూడా ఇలాంటి ఇరుకే అడ్డు.

కాబట్టి ఇంటర్‌ప్రెటర్ థ్రెడ్లు రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లని ఎవరూ అనుకోకండి. వాళ్ల లెక్క వాళ్లకి ఉంది. పైగా వాటితో ఒక సుఖం కూడా ఉండేది. రూబీ ఏ యంత్రం మీదకి వెళ్లినా, ఆ యంత్రంలో థ్రెడ్లు ఉన్నా లేకపోయినా, రూబీ థ్రెడ్లు ఒకేలా నడిచేవి. థ్రెడ్లన్నీ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ముడిపడిపోతే ఇంటర్‌ప్రెటర్ వెంటనే పసిగట్టి, ముడి పడిందని కేకేసి ప్రోగ్రాముని ఆపేది. అన్నీ తన లెక్కలోనే ఉంటాయి కదా, దానికి తెలుస్తుంది.

ఇక నా రాత్రి దగ్గరికి వస్తాను.

2008. హైదరాబాదులో నేను పనిచేసే చోట ఒక సర్వీసు ఉండేది. ఆ సంస్థ పేరుతో మనకి పని లేదు. పదుల కొద్దీ బయటి సైట్ల నుంచి ధరలు తెచ్చి ఒకచోట పేర్చి చూపించడం దాని పని. రూబీ 1.8, నలభై థ్రెడ్లు, సైటుకొకటి. ఒక సైటు జవాబు ఇవ్వడానికి ఆలస్యం చేస్తే ఇంటర్‌ప్రెటర్ దాన్ని పక్కన పెట్టి తక్కినవాటి పని చూసేది. సాకెట్ మీద డేటా వచ్చిందా అని ముందు కెర్నెల్‌ని అడిగి, రాలేదంటే వేరే థ్రెడ్‌కి మారడం దానికి తెలుసు. అవధాని కూడా అంతే. పృచ్ఛకుడు అక్షరం కోసం తడుముకుంటుంటే, ఆలోచించుకోండి అని చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్లిపోతాడు. నెలల తరబడి బాగా నడిచింది.

ఒక రాత్రి పదకొండు దాటాక సర్వీసు బిగుసుకుపోయింది. ఏదో ఒక సైటు కాదు, నలభై థ్రెడ్లూ. కొన్ని సెకన్లు కదలదు, కాస్త కదులుతుంది, మళ్లీ కదలదు. సీపీయూ వాడకం చూస్తే సున్నాకి దగ్గర. పనెక్కువై ఆగిపోయినవాడి మొహం ఎర్రబడాలి గాని, ఇది హాయిగా నిద్రపోతున్నవాడి మొహంలా ఉంది. తెల్లవారుజామున మూడింటికి డీబగ్గర్ తగిలించి చూస్తే కనిపించింది ఒకే ఒక్క స్టాక్. నలభైలో మిగతా ముప్పై తొమ్మిది ఎక్కడని వెతికితే, డీబగ్గర్‌కి వాటి ఊసే లేదు. దానికీ కెర్నెల్ చెప్పిందే వేదం. ఆ ఒక్క స్టాక్ చివర, సైటు పేరుని ఐపీ చిరునామాగా మార్చే సీ లైబ్రరీ ఫంక్షన్ ఉంది.

కథ అప్పుడు అర్థమైంది. నలభై సైట్లలో ఒకదాని నేమ్ సర్వర్ మొరాయిస్తోంది. పేరు అడిగితే జవాబు లేదు. జవాబు రాకపోతే 5 సెకన్లు ఆగి మళ్లీ అడగడం లినక్స్ లైబ్రరీ అలవాటు. సాకెట్ మీద ఎదురుచూపు అయితే ఇంటర్‌ప్రెటర్ చేతిలో ఉంది, మారగలదు. ఈ ఎదురుచూపు సీ లైబ్రరీ లోపల జరుగుతోంది. అందులోకి దిగాక ఇంటర్‌ప్రెటర్‌కి గంట వినపడదు. ఆ లైబ్రరీ కెర్నెల్‌తో, జవాబు వచ్చేదాకా నన్ను నిద్రపుచ్చు అంది. కెర్నెల్ తన పట్టీలో ఉన్న ఒకే ఒక్క పేరుని నిద్రపుచ్చింది. నలభై పద్యాలూ ఆగాయి. కెర్నెల్ తప్పేముంది? వాళ్లున్నారని దానికి ఎవరు చెప్పారు?

అంతకంటే చిత్రం ఇంకొకటి. ఇలాంటి ఆలస్యాలు వస్తాయని తెలిసే మేము ప్రతి పనికీ రెండు సెకన్ల గడువు పెట్టాం. గడువు మించితే పని రద్దు. ఆ గడువు పనిచేయలేదు. ఎందుకంటే రూబీలో గడువు చూసే కాపలాదారు కూడా ఒక థ్రెడ్డే. రెండు సెకన్లు పడుకుని, లేచి, పనివాడి భుజం తట్టాలి. పనివాడితో పాటు కాపలాదారు కూడా మత్తులోకి వెళితే ఎవరు ఎవర్ని లేపాలి? ఈ దెబ్బ చాలామందికి తగిలింది కాబట్టి, ఇంటర్‌ప్రెటర్ గడియారాన్ని నమ్ముకోకుండా కెర్నెల్ సిగ్నల్‌ని నమ్ముకునే గడువు లైబ్రరీలు అప్పట్లో బయల్దేరాయి.

మా జబ్బుకి మందు రూబీతో పాటే వచ్చింది, మాకే తెలియలేదు. పేర్ల వెతుకులాటని సీ లైబ్రరీకి వదలకుండా పూర్తిగా రూబీలోనే చేసే ఒక లైబ్రరీ ఉంది. ఫైలు మొదట్లో ఒక్క లైను చేరిస్తే పాతదాని స్థానంలో అది వచ్చి కూర్చుంటుంది. ఆ లైను రాసి ఇంటికి వెళ్లేసరికి పాలవాడు వచ్చాడు. ఆదివారం మాస్టారికి ఫోన్ చేసి కథంతా చెబితే, ఒక్కొక్క మెట్టూ అడిగి అడిగి చెప్పించుకున్నారు. చివర్లో, "ఒక లైబ్రరీని మార్చావు, సరే. డేటాబేస్‌తో మాట్లాడేది ఎవరు?" అన్నారు.

డేటాబేస్‌తో మాట్లాడేది మైసీక్వెల్ వాళ్ల సీ లైబ్రరీ. అదీ అంతే. ఒక థ్రెడ్ పెద్ద ప్రశ్న వేస్తే జవాబు వచ్చేదాకా ప్రాసెస్ అంతా బొమ్మలా నిలబడేది. ఫైలు చదివినా అంతే. ఇది చాలామంది గమనించరు. సాకెట్‌కి లాగే ఫైలుకి కూడా "సిద్ధంగా ఉందా" అని యూనిక్స్‌ని అడగొచ్చు. మామూలు ఫైలుకి అది ఎప్పుడూ "సిద్ధం" అనే చెబుతుంది, డిస్కు మీద తల తిరిగి రావడానికి ఎంత సేపు పట్టినా సరే. సిద్ధమన్న మాట నమ్మి చదవబోతే ప్రాసెస్ నిద్రలోకి జారుకుంటుంది. ఇక పేజీ ఫాల్ట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మెమరీలో ఉందనుకున్న పేజీ డిస్కు మీదకి వెళ్లిపోయి ఉంటే, దాన్ని ముట్టుకున్న క్షణాన ప్రాసెస్ ఆగిపోతుంది. ఏ ఫంక్షనూ పిలవలేదు, ఏ సిస్టమ్ కాలూ చేయలేదు. ఒక వేరియబుల్ చదివారు, అంతే. ఇంటర్‌ప్రెటర్ ఎంత జాగ్రత్తపరురాలైనా దీన్ని ముందు పసిగట్టలేదు. 1991 నాటి ఆ నలుగురూ మొరపెట్టుకున్నది సరిగ్గా ఈ సంగతే. ఇలాంటివి జరిగినప్పుడు కెర్నెల్ పైకి కబురు పంపాలని, తన పోగు ఆగిందన్న సంగతి ప్రోగ్రాముకి చెప్పి చేతికి ఇంకో ప్రాసెసర్ ఇవ్వాలని వాళ్ల ప్రతిపాదన. ఆలోచన అందమైనది. కెర్నెల్‌కీ లైబ్రరీకీ మధ్య ఆ కబుర్ల రాకపోకలు నిలబెట్టడం మాత్రం ఎవరికీ సుఖంగా సాగలేదు. ఫ్రీబీఎస్‌డీ వాళ్లు ఆ దారిలో కొన్నేళ్లు నడిచి వెనక్కి తిరిగారు.

మొదటి జబ్బు మీద ఇంతసేపు ఉన్నాను కాబట్టి రెండోది త్వరగా చెబుతాను. అందరికీ తెలిసిందే అది. 2005లో ఇంటెల్, ఏఎండీ రెండూ మామూలు కంప్యూటర్లకి రెండు కోర్ల ప్రాసెసర్లు దించాయి. కెర్నెల్ కోర్లని పంచేది తన పట్టీలో ఉన్న పేర్లకి. పట్టీలో ఒక్క పేరుంటే ఒక్క కోరే. ఎనిమిది కోర్ల యంత్రం కొని దాని మీద గ్రీన్ థ్రెడ్లు నడిపేవాడు, ఎనిమిది గదుల ఇల్లు కట్టి వసారాలో పడుకునేవాడితో సమానం.

రూబీ 1.9 ఈ రెండు జబ్బుల్నీ ఒకేసారి కుదురుస్తుందని మాలో చాలామంది ఆశపడ్డారు. కోయిచి ససాదా రాసిన కొత్త వర్చువల్ మెషీన్‌తో 2007 డిసెంబరులో వచ్చింది. ప్రతి రూబీ థ్రెడ్ కిందా ఒక నిజమైన ఓఎస్ థ్రెడ్. కెర్నెల్ పట్టీలోకి నలభై పేర్లూ ఎక్కాయి. అయితే వాటి మీద ఒక పెద్ద తాళం. తాళంచెవి చేతిలో ఉన్న థ్రెడ్ మాత్రమే రూబీ కోడ్ నడపాలి. ఎదురుచూపులోకి వెళ్లేవాడు చెవిని పక్కవాడికిచ్చి వెళ్లాలి. దీంతో మొదటి జబ్బు చాలా మటుకు తగ్గింది. ఒకడు నేమ్ సర్వర్ కోసం నిద్రపోతే వాడొక్కడే నిద్రపోతాడు. రెండోది అలాగే ఉండిపోయింది. మాస్టారి భాషలో చెప్పాలంటే, వేదిక మీదకి ఎనిమిదిమంది అవధానులు వచ్చారు, మైకు మాత్రం ఒక్కటే. పైథాన్‌ది కూడా ఇదే సంసారం. అక్కడి తాళాన్ని తీసేసిన కూర్పు 2024 అక్టోబరులో 3.13తో ప్రయోగంగా బయటికి వచ్చింది.

ఆ తాళాన్ని అందరూ తిడతారు. నేను కొంత వెనకేసుకొస్తాను. సీలో రాసిన వందల లైబ్రరీలు, ఒక సమయంలో ఒక్కరే తమలోకి వస్తారన్న నమ్మకంతో రాసినవి. తాళం తీస్తే అవన్నీ ఒక్కసారిగా వీధిన పడతాయి. అయితే ఆ నమ్మకమే ఇంకో రోగాన్ని దాచిపెడుతుంది. గ్రీన్ థ్రెడ్ల మీద ఏళ్ల తరబడి తప్పు లేకుండా నడిచిన ప్రోగ్రాముని, నిజమైన జావా థ్రెడ్లు వాడే జేరూబీ మీదకి మార్చాను ఒకసారి. ఒక లెక్క రోజుకి రెండు మూడు తక్కువ రావడం మొదలుపెట్టింది. తప్పు కొత్తది కాదు. విలువ చదవడానికీ, ఒకటి కలపడానికీ, తిరిగి రాయడానికీ మధ్య సందు మొదటినుంచీ ఉంది. పది మిల్లీసెకన్లకోసారి, అదీ ఇంటర్‌ప్రెటర్ వీలు చూసుకుని మారే లోకంలో ఆ సందులో ఎవరూ దూరలేదు. నాలుగు కోర్లు ఒకేసారి తొక్కేసరికి దూరారు.

చిల్లర బాధలు ఇంకా ఉన్నాయి. థ్రెడ్ మారిన ప్రతిసారీ స్టాక్ మొత్తం కాపీ చేయాలి కాబట్టి, రైల్స్ లాంటి లోతైన ప్రోగ్రాముల్లో తేలిక థ్రెడ్ అన్న పేరే నవ్వులపాలయ్యేది. అన్ని స్టాక్‌లూ ఒకే చిరునామాలో వంతులవారీగా పరుచుకుంటాయి కాబట్టి, ఒక థ్రెడ్ తన స్టాక్ మీది వేరియబుల్ చిరునామాని ఇంకో థ్రెడ్‌కి ఇస్తే, అది తీసుకెళ్లి చూసేసరికి అక్కడ వేరేవారి కాపురం ఉంటుంది. ఏ థ్రెడ్‌కి ఎక్కువ ప్రాధాన్యమో కెర్నెల్‌కి చెప్పడానికి దారి లేదు. ఎవరు ఎంత సీపీయూ తిన్నారో టాప్ కమాండుకి తెలియదు.

ఇదంతా విని, మరి ఓఎస్ థ్రెడ్లే గెలిచాయా అని అడిగితే, కొంతకాలం గెలిచాయి. జావా 2000లో వచ్చిన 1.3 నాటికి గ్రీన్ థ్రెడ్లని పక్కన పెట్టేసింది. సోలారిస్ ఏళ్ల తరబడి రెండంతస్తుల పద్ధతి నడిపింది. పైన ఎన్నో తేలిక థ్రెడ్లు, కింద కొన్ని కెర్నెల్ థ్రెడ్లు. 2002లో సోలారిస్ 9తో దాన్నీ వదిలేసి ఒకటికి ఒకటి పద్ధతికి వచ్చింది. లినక్స్‌లో ఐబీఎమ్ వాళ్లు రెండంతస్తులది కడుతుండగా, ఉల్రిక్ డ్రెపర్, ఇంగో మోల్నార్ ఒకటికి ఒకటి చాలని, కెర్నెల్‌నే బాగుచేద్దామని పట్టుబట్టారు. బాగుచేశారు కూడా. లక్ష థ్రెడ్లు పుట్టించడానికి పావుగంట పట్టే చోట రెండు సెకన్లకి తెచ్చారు. బజారు నడిచి వచ్చి పెరటి గోడ పక్కన నిలబడింది. ఐబీఎమ్ వాళ్లు తమ పని ఆపేశారు.

నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. తేలిక థ్రెడ్ల పక్షాన ఉన్న పెద్ద వాదన 34కీ 948కీ మధ్య ఉన్న దూరం. ఆ దూరం ప్రకృతి నియమం అనుకున్నారు అందరూ. తీరా చూస్తే అందులో చాలా భాగం కెర్నెల్ బద్ధకం.

అయినా అవి మళ్లీ వచ్చాయి. ఈసారి కొంత బుద్ధి తెచ్చుకుని వచ్చాయి. ఎర్లాంగ్ అయితే అసలు పోనేలేదు. ఎరిక్సన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం 1980లలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ మొదలుపెట్టిన భాష అది. ఒక కాల్ ఆగితే ఊరి కాల్స్ అన్నీ ఆగకూడదన్నది వాళ్లకి మొదటి రోజు నుంచీ ఉన్న షరతు. పైగా ఆ భాషలో లూపులే లేవు, అంతా ఫంక్షన్ కాల్స్. ప్రతి కాల్‌కీ ఒక లెక్క తగ్గిస్తారు, లెక్క అయిపోతే దిగిపోవాల్సిందే. ఎంత మొండి పోగైనా తప్పించుకునే సందు లేదు. సందు ఉన్నదల్లా ఎర్లాంగ్ నుంచి సీ లోకి దిగే చోట. అందులో ఒక మిల్లీసెకను మించి ఉండొద్దని వాళ్ల పుస్తకాల్లోనే రాసి పెట్టారు. తరవాత తరవాత ఎక్కువసేపు ఉండక తప్పనివాళ్ల కోసం విడిగా కొన్ని ఓఎస్ థ్రెడ్లు కేటాయించారు. చూశారా, చివరికి ఎక్కడికి వెళ్లారో.

గో భాషది ఇంకో ముచ్చట. ఒక గోరొటీన్ 2 కిలోబైట్ల స్టాక్‌తో పుడుతుంది, కొన్ని ఓఎస్ థ్రెడ్ల మీద వేల గోరొటీన్లు తిరుగుతాయి. అయితే చాలా ఏళ్లపాటు, ఫంక్షన్ కాల్ లేని ఒక బిగుతు లూపు రాస్తే ఆ గోరొటీన్‌ని దింపే దారే లేదు. చెత్త ఏరడానికి అందరూ ఒక్క క్షణం ఆగాలని రన్‌టైమ్ పిలుపిస్తే, ఒక్కడు ఆగకుండా లెక్కలు వేసుకుంటూ పోయేవాడు, తక్కినవాళ్లందరూ వాడి కోసం చేతులు కట్టుకుని నిలబడేవారు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన 1.14తో గాని ఇది కుదరలేదు. ఎలా కుదిర్చారంటే, కెర్నెల్ చేత ఆ థ్రెడ్‌కి సిగ్నల్ పంపించి. అప్రస్తుత ప్రసంగిని మళ్లీ సభకి పిలుచుకొచ్చారన్నమాట. ఇక గోలో ఎవరైనా ఆగిపోయే సిస్టమ్ కాల్‌లోకి వెళితే, రన్‌టైమ్ ఆ ఓఎస్ థ్రెడ్‌ని వాడికే వదిలేసి తక్కినవాళ్లని వేరే ఓఎస్ థ్రెడ్ మీదకి ఎక్కిస్తుంది, అవసరమైతే కొత్తది పుట్టించి మరీ. అలా పుట్టించడానికి పదివేలు హద్దు. అది దాటితే ప్రోగ్రామ్ చచ్చిపోతుంది. పదివేల తేలిక పోగులు ఒకేసారి నెమ్మది డిస్కు మీద పడితే, వాటి తేలికదనం ఏమవుతుందో ఆ హద్దే చెబుతుంది.

ఈ భాషలు బాగా నడుస్తున్నాయంటే కారణం, వాటిని కట్టినవాళ్లు ప్రోగ్రాములోని ప్రతి గడపనీ తమ చేతిలోకి తీసుకున్నారు. సాకెట్, ఫైలు, గడియారం, పేర్ల వెతుకులాట, నిద్ర, అన్నీ షెడ్యూలర్‌కి చెప్పి వెళ్లేలా మొదటినుంచి రాసుకున్నారు. రూబీ 1.8కి ఆ వీలు లేదు. దాని చుట్టూ ఉన్న లోకమంతా పరాయి సీ లైబ్రరీలు, అవి ఎవరికీ చెప్పకుండా నిద్రపోతాయి. తేలిక థ్రెడ్ ఖరీదు దాన్ని పుట్టించే చోట ఉండదని నా అభిప్రాయం. దాని పక్కన బతికే ప్రతి కోడూ చెప్పి నిద్రపోవడం నేర్చుకోవాలి. ఖరీదంతా అక్కడే. రూబీ కూడా 2023 డిసెంబరులో 3.3తో రెండంతస్తుల పద్ధతిని తెచ్చింది, అదీ ససాదా చేతి పనే. మామూలు ప్రోగ్రాములకి మాత్రం కావాలని అడిగితేనే ఇస్తుంది. ఆ జాగ్రత్త వెనక పాత దెబ్బలు నాకు కనిపిస్తాయి.

మాస్టారిని చివరిసారి చూసింది ఆ ఏడాది దసరా సెలవుల్లో. అప్పటికే మంచం మీద ఉన్నారు, మనిషి సగమయ్యారు. జావా 21 వచ్చి నెల రోజులైంది. వర్చువల్ థ్రెడ్లు వచ్చాయని, లక్షల్లో పుట్టించినా యంత్రం ఉలకదని, పాత గ్రీన్ థ్రెడ్ల జావాయే చక్రం తిరిగి అక్కడికే వచ్చిందని ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. కళ్లు మూసుకునే విన్నారు. నిద్రపోయారేమో అనుకుని నేను ఆగాను.

"ఫైలు చదివితే?" అన్నారు.

ఫైలు చదివితే చాలా సందర్భాల్లో కింద ఉన్న ఓఎస్ థ్రెడ్ కూడా ఆగిపోతుందని, అందుకని ఆ కాసేపటికి షెడ్యూలర్ ఇంకో ఓఎస్ థ్రెడ్‌ని అదనంగా తెచ్చుకుంటుందని చెప్పాను.

"ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకుంటుందోయ్?"

"కెర్నెల్ దగ్గర్నుంచే, మాస్టారూ."

ఆయన కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కాస్త సాగాయి. అమ్మగారు కాఫీ తెచ్చి, ఇక మాట్లాడించకు నాయనా, అలిసిపోతారు అన్నారు.